ఒంటెల బాట ఎవరికి సులువు?

మలాజ్, రియాద్
అక్టోబర్ 12

ఖుర్షీదా చిన్నమ్మకు,

సలాములు. ఫోనుండగా ఈ కాగితమేమిటని తిట్టుకోకు. నేను ఫోన్ చేసినప్పుడల్లా నీ వెనక మీ యజమానురాలు ఉమ్ ఫహద్ గారి దగ్గు, ఆమె టీవీ, మధ్యలో నువ్వు "మళ్ళా మాట్లాడతాలే పాపా" అనడం. ఈసారి సంగతి కొంచెం పెద్దది. తాయిఫ్ నుంచి దానిమ్మకాయలు తెచ్చే లింబాద్రన్న వారానికోసారి బతాలో మెస్సుకు భోజనానికి వస్తాడు. తిరిగి వెళ్ళేటప్పుడు మీ హదా మీదుగానే పోతానన్నాడు. ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నాను.

మా ట్రావెల్ ఆఫీసు తబ్రేజ్ సార్ టికెట్లు, హోటళ్ళతో ఊరుకోకుండా ఇప్పుడు కొండ నడకలు కూడా మొదలుపెట్టాడు. ఈ మధ్య రియాద్‌లో అందరికీ కొండల పిచ్చి పట్టుకుంది. వారమంతా ఏసీలో కూర్చున్నవాళ్ళు శుక్రవారం వచ్చేసరికి బూట్లు బిగించి తయారవుతున్నారు. ప్రతి దారికీ మా వెబ్ పేజీలో ఒక గుర్తు పెట్టాలట. సులువు, మధ్యస్థం, కష్టం, ఈ మూడింటిలో ఏదో ఒకటి. ఆ పని నా నెత్తిన పడింది. ఆఫీసు లిఫ్టు చెడిపోతే మూడంతస్తులు ఎక్కి ఆయాసపడే మనిషిని నేను!

మొత్తం అయిదు దారులు. నాలుగింటి వివరాలు మా డ్రైవర్ ఆసిఫ్ నడిచి తెచ్చాడు. అయిదోదానికి ముందు కాలు బెణికి సెలవు పెట్టాడు. ఆ అయిదోది మీ ఇంటి వెనక దిగే పాత ఒంటెల బాటే చిన్నమ్మా! పన్నెండేళ్ళుగా నువ్వు ఆ కొండమీదే ఉన్నావు. ఆ దారి సులువా, కష్టమా? ఎంతసేపు పడుతుంది? నువ్వు చెప్పిందే రాస్తాను.

నీ షబ్నమ్

*

హదా, తాయిఫ్
అక్టోబర్ 20

షబ్నమ్ పాపకు చిన్నమ్మ దువా.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రెండుసార్లు అర్థం కావడానికి, మూడోసారి ఊరికే. ఈ దేశంలో నన్ను ఎవరైనా ఏదైనా అడిగితే మందుల డబ్బా ఎక్కడుంది, ఇస్త్రీ అయిందా, గెస్టులు ఎందరు అనే అడుగుతారు. నాకు తెలిసిన విషయమొకటి ఉందని, అది రాసిపెట్టమని అడిగింది నువ్వే. లింబాద్రి ముందే కళ్ళు తుడుచుకున్నాను. ఆయన దానిమ్మకాయల ధర ఎక్కువైందని ఏడుస్తున్నాననుకున్నాడు.

ఇక దారి సంగతి. అది చాలా అందమైన దారి. పాతకాలంలో ఒంటెలు సరుకులతో ఎక్కడానికి రాళ్ళు పేర్చి కట్టారట. రెండు ఒంటెలు పక్కపక్కన పోయేంత వెడల్పు. రెండు పక్కలా చెట్లు, నీడ. ఎండాకాలంలో కూడా పైట కప్పుకోవాలనిపించే గాలి. శుక్రవారం పొద్దున ఉమ్ ఫహద్ గారికి కషాయంలోకి ఒక ఆకు కావాలి, వాసన మన వామాకులాగా ఉంటుంది. దానికోసం నేను వారం వారం ఆ దారినే పోతాను. ఒక్క జాగ్రత్త, కుక్కమూతి కోతులు ఉంటాయి. చేతిలో బిస్కెట్ ప్యాకెట్ కనపడిందా, అది నీది కాదనుకో.

కష్టమేమీ లేదు పాపా. మన రాయచోటి కొండల్లో నెత్తిన కట్టెలమోపుతో తిరిగినదాన్ని, నాకు తెలియదా! కింద దాకా అయితే రెండు గంటలు వేసుకో. సులువు అని రాసేయ్. పిల్లలూ పెద్దలూ అందరూ పోవచ్చు.

దానిమ్మకాయలు పంపుతున్నాను. పగిలినవి ముందు తిను.

చిన్నమ్మ

*

మలాజ్, రియాద్
నవంబర్ 2

చిన్నమ్మా,

పేజీ పెట్టేశాం! ఏమని రాశానో చూడు: "సులువు. రెండు గంటలు. పిల్లలూ పెద్దలూ అందరికీ అనువు. నీడ, చల్లటి గాలి. మా వాళ్ళు స్వయంగా నడిచి చూసిన దారి." చివరి వాక్యం రాసేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. కానీ నువ్వు మా వాళ్ళే కదా?

మిగతా నాలుగు దారులకూ కలిపి ఆరుగురు పేర్లిచ్చారు. నీ దారికి ఒక్కదానికే పదకొండు మంది. సులువు అన్న మాటకు ఎంత గిరాకీయో! ఈ నెల 14న శుక్రవారం వస్తున్నారు. పైన దింపి, కింద బండి పెట్టి ఎక్కించుకుంటాం. తబ్రేజ్ సార్ నన్ను పిలిచి "మస్తు రాసినవ్ షబ్నమ్" అన్నాడు. ఆయన నోట ఆ మాట రావడం కొండెక్కడం కంటే కష్టం.

నీకు మెత్తటి చెప్పులు పంపుతున్నాను.

షబ్నమ్

*

మలాజ్, రియాద్
నవంబర్ 16

చిన్నమ్మా,

శుక్రవారం సాయంత్రం నుంచి అయిదుసార్లు ఫోన్ చేశాను. నువ్వు ఎత్తలేదు. కొండ కింద జరిగింది మీ ఇంటిదాకా వచ్చే ఉంటుంది. అయినా రాస్తున్నాను.

పదకొండు మంది ఎనిమిదిన్నరకు దిగడం మొదలుపెట్టారు. మొదటి గంట అచ్చం నువ్వు చెప్పినట్టే ఉందట. గాలి, నీడ, కోతులు. నవ్వుతూ ఫొటోలు కూడా పంపారు. ఆ తర్వాత చెట్లు అయిపోయాయి. రాళ్ళు చెదిరి, మెట్లు మోకాలెత్తున ఉన్నాయి. ఒక మలుపులో బాట లోయ అంచునే పోతుందట. కిందికి పోయేకొద్దీ వేడి పెరిగింది. పైన స్వెట్టర్లు వేసుకున్నవాళ్ళు కింద నిప్పుల్లో నడిచినట్టు నడిచారు.

వాళ్ళలో తాజున్నీసా గారని ఒకావిడ ఉన్నారు. హైదరాబాద్‌లో టీచరుగా రిటైరై, కొడుకు దగ్గరికి విజిట్ వీసా మీద వచ్చారు. అరవై రెండేళ్ళు. ఇంకా మూడో వంతు దారి ఉండగా ఆమె మోకాళ్ళు వణికిపోయి కూలబడ్డారు. పైకి పోలేరు, కిందికి పోలేరు. నీళ్ళు అయిపోయాయి. మేకలు కాసుకునే యెమెనీ అతను ఒకడు చూసి, తన క్యాన్‌లో నీళ్ళిచ్చి, ఆమె వెంట ఉన్న కొడుకుతో కలిసి చెరో రెక్క పట్టి దింపాడు. రెండు గంటలని నేను రాసిన చోట ఆరు గంటలు పట్టింది. ఆమెకు ప్రమాదమేమీ లేదు, అల్లా దయ. కానీ కొడుకు పెద్ద కంప్లైంట్ పెట్టాడు.

ఈ పొద్దున తబ్రేజ్ సార్ పేజీ తెరిచి నా ముందు పెట్టాడు. "స్వయంగ నడిచి చూసినం అని రాసినవ్. ఎవరు నడిచిన్రు? నాకు పేరు గావాలె" అన్నాడు. నెలాఖరులోగా చెప్పకపోతే నేనిక్కడ ఉండడానికున్న ఇఖామా రెన్యువల్ కాగితం మీద సంతకం పెట్టనన్నాడు. అంటే ఎగ్జిట్ కొట్టించుకుని ఇంటికి పోవడమే.

నేనింకా పేరు చెప్పలేదు. కానీ నిన్నొకటి అడగాలి. నువ్వు నిజంగా కింద దాకా దిగావా?

షబ్నమ్

*

హదా
నవంబర్ 23

పాపా,

లేదు.

ఈ ఒక్క మాట రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఫోన్ మోగినప్పుడల్లా వంటింట్లోకి పోయి నిలబడ్డాను. ఉమ్ ఫహద్ గారు "నీ ఫోన్‌కు ఏమైంది?" అని అడిగితే పాడైందన్నాను. అదే ఫోన్లో ఆమె కూతురికి వీడియో కలిపి ఇచ్చేది నేనే. అబద్ధం చెప్పడం కూడా చేతకాదు నాకు.

నేను పోయేది సగం దాకానే. అక్కడ మంచమంత వెడల్పున ఒక రాయి ఉంది. బల్లరాయి అని పేరు పెట్టుకున్నాను. దానిమీద కాసేపు కూర్చుని, ఆకు కోసుకుని తిరిగి వచ్చేస్తాను. ఉమ్ ఫహద్ గారికి పదింటికి మందులివ్వాలి కదా, అంతకంటే పోవడానికి వీలు పడదు. పై సగం ఇంత బాగుంటే కింది సగం కూడా ఇట్లాగే ఉంటుందిలే అనుకున్నాను. రెండు గంటలనేది నేను నోటికొచ్చినట్టు వేసిన లెక్క. నువ్వు అంత నమ్మకంగా అడిగితే "నాకు సగమే తెలుసు" అనబుద్ధి కాలేదు.

సార్ పేరు అడిగితే నా పేరు చెప్పు. ఖుర్షీదా, హదాలో ఇంటిపని చేస్తుంది అని చెప్పు. నన్ను ఆయన ఏం చేస్తాడు? ఆ టీచరమ్మకు నా సలాం చెప్పి, మోకాళ్ళకు నువ్వులనూనె వేడిచేసి రుద్దుకోమను.

చిన్నమ్మ

*

మలాజ్, రియాద్
నవంబర్ 30

చిన్నమ్మా,

నీ ఉత్తరం చదివి మొదట కోపం వచ్చింది. తర్వాత వంటింట్లో దాక్కున్న నిన్ను తలుచుకుంటే నవ్వొచ్చింది. ఆ తర్వాత నన్ను నేను చూసుకున్నాను. నీకు సగం దారైనా తెలుసు. నాకు ఒక్క రాయి కూడా తెలియకుండా "స్వయంగా" అని రాశాను. నువ్వు కింద దాకా పోయావా అని అప్పుడే అడిగి ఉండొచ్చు. అడిగితే నువ్వు లేదంటావేమోనని, పేజీ ఆగిపోతుందేమోనని అడగలేదు.

గురువారం సార్ గదిలోకి పోయి, "ఎవురూ నడవలేదు సార్. నేను ఈడ్నే కూచోని రాసినా" అన్నాను. ఆయన పేజీ మూసి నా వైపు తిరిగాడు.

"ఎవరి పేరన్న చెప్తవనుకున్న" అన్నాడు.

"రాసింది నేను గదా సార్."

"మంచిగుంది. ఇగ నడువు. పోయి నీ కాళ్ళతోని నడిచి, మళ్ళ రాయి. అది సక్కగుంటె సంతకం పెడ్త. లేకుంటె లేదు."

ఆ సాయంత్రం తాజున్నీసా గారింటికి వెళ్ళాను, మలాజ్‌లోనే మా వీధికి రెండు సందుల అవతల. కొడుకు తలుపు దగ్గరే నిలబెట్టాడు. ఆమె లోపలినుంచి "రానియ్యిరా, తిట్టేది నేను గదా" అని పిలిచింది. తిట్టలేదు. కాళ్ళు చాపుకుని, ఖర్జూరాల గిన్నె నా వైపు జరిపి, టీచరు పాఠం చెప్పినట్టు చెప్పింది.

"బిడ్డా, నువ్వు కష్టం అని రాస్తె నేను అసలే రాకపోతుంటి. ఆ పైన గాలి, ఆ చెట్లు చూడకపోతుంటి. గది గూడ నష్టమే. ఒక్క మాటల మొత్తం చెప్పాలని చూసినవ్, గక్కడ తప్పింది. మెట్టు ఎంతెత్తు? నీడ యాడిదాంక? నీళ్ళు దొరుకుతయా? వద్దనుకుంటె యాడికెళ్ళి వాపస్ రావొచ్చు? గివి రాయి. సులువో కష్టమో నా మోకాళ్ళు చెప్తయి."

నేను అదంతా చేతి మీద రాసుకున్నాను, కాగితం లేక.

డిసెంబర్ 12న శుక్రవారం వస్తున్నాను. ఆసిఫ్ కాలు బాగైంది, అతనూ వస్తాడు. చిన్నమ్మా, నువ్వు కూడా రా. ఉమ్ ఫహద్ గారిని ఒక్క పూట సెలవు అడుగు. ఇద్దరం కలిసి కింద దాకా దిగుదాం.

షబ్నమ్

*

హదా
డిసెంబర్ 13

పాపా,

నిన్న నువ్వు కిందికి పోయావు, నేను పైకి వచ్చేశాను. మళ్ళీ కలిసి మాట్లాడుకునే వీలు లేకుండా కింది నుంచి అటే రియాద్ బండెక్కావు. అందుకే ఈ రాత.

బల్లరాయి దాటి రెండు మలుపులు నీతో వచ్చాను కదా. ఆ మూడో మలుపులో లోయ కనపడగానే కూర్చుండిపోయాను. నువ్వు "ఏమయింది చిన్నమ్మా, కాళ్ళు నొప్పా?" అంటే "అవును, నువ్వు పో పాపా, నాకు కాళ్ళు ఆడడంల్యా" అన్నాను. కాళ్ళకు ఏమీ కాలేదు. కళ్ళు తిరిగాయి. కిందికి ఒక అడుగు వేద్దామంటే కాలి కింద రాయి కనిపించదు, ఖాళీయే కనిపిస్తుంది.

మందుల వేళ అనేది కూడా అబద్ధమే. మందులు పన్నెండింటికి. మొదటి ఏడాదే ఒకసారి ఆ మలుపు దాకా పోయి, నాలుగు కాళ్ళ మీద పాకుతూ వెనక్కి వచ్చాను. ఆ తర్వాత ఎప్పుడూ బల్లరాయి దాటలేదు. కట్టెలమోపుతో కొండలు ఎక్కినదాన్ని, లోయ చూస్తే భయమని ఎవరికి చెప్పుకోను? నీ దగ్గర చెప్పుకుంటే పోయిందేముంది అని ఇప్పుడు రాస్తున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు ఒక సంగతి గమనించాను, నీ పేజీకి పనికొస్తుంది. బల్లరాయి నుంచి పైకి రావడానికి నాకు గంటంపావు. మధ్యలో మూడు చోట్ల కూర్చోవడానికి నీడ ఉంది. పైనుంచి మొదటి మలుపు దగ్గర మెట్టు జానెడు, బల్లరాయి దగ్గర జానన్నర. నా చేత్తోనే కొలిచాను. ఒక కోతి నా వెనకే వస్తూ నేనేం చేస్తున్నానా అని చూసింది.

కిందికి చేరి నువ్వు పంపిన ఫొటో చూశాను. ముఖం బీట్‌రూటులా ఉంది. కింది సగం ఎట్లుందో రాయి. నాకు అది ఎప్పటికీ తెలియదు కదా.

చిన్నమ్మ

*

మలాజ్, రియాద్
డిసెంబర్ 20

చిన్నమ్మా,

ముందుగా ఒక మాట. నీకు కళ్ళు తిరిగిన చోట నాకు కూడా గుండె ఝల్లుమంది. ఆసిఫ్ ముందు నడుస్తూ "అక్కా, లోయ సూడొద్దు, నా మడమలు సూడు" అన్నాడు. అతనిది ఆదోని. ఆ మలుపంతా ఆదోని మడమలు చూస్తూ దాటాను.

దాని తర్వాత భయం లేదు, బాధ ఉంది. ఎక్కడం కష్టమనీ దిగడం సులువనీ అనుకునేదాన్ని. దిగేటప్పుడు ప్రతి మెట్టుకూ ఒళ్ళంతా వచ్చి మోకాళ్ళ మీద పడుతుంది. చెదిరిన రాళ్ళు కాలి కింద దొర్లుతాయి. పదిన్నర తర్వాత గొడుగంత నీడ కూడా లేదు. ఇద్దరం కలిసి ఏడు లీటర్ల నీళ్ళు మోసుకుపోయాం, కింద చేరేసరికి ఒక అర సీసా మిగిలింది. నీతో నడిచింది కాక, నిన్ను వదిలిన చోటు నుంచి కిందికి మూడు గంటల పది నిమిషాలు. తాజున్నీసా గారు కూలబడిన చోట నేనూ కూర్చున్నాను. అక్కడినుంచి పైకి చూస్తే కొండ ఆకాశమంత ఉంది. ఆ వయసులో ఆమె అక్కడిదాకా ఎట్లా వచ్చిందో!

ఇప్పుడు పేజీలో రెండు దారులు చేశాను. పై సగం, బల్లరాయి దాకా పోయి రావడం. మెట్ల ఎత్తు, నీడ ఉన్న చోట్లు నువ్వు కొలిచినవే రాశాను. అది చాలామందికి సులువు. ఇక కింది సగానికి కష్టం అని ఎర్ర గుర్తు పెట్టి, "బల్లరాయి తర్వాత మూడో మలుపు దాటితే వెనక్కి రావడం మరీ కష్టం. లోయ భయం ఉన్నవాళ్ళు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఇక్కడే ఆగి తిరిగి వెళ్ళండి. ఇక్కడిదాకా రావడం కూడా పూర్తి నడకే" అని రాశాను. సార్ చదివి సంతకం పెట్టాడు. కాగితం నా సంచిలో ఉంది. రోజుకు నాలుగుసార్లు తీసి చూసుకుంటున్నాను.

నిన్న తాజున్నీసా గారు బల్లరాయి నడకకు పేరిచ్చారు. కొడుకు వద్దంటున్నాడట. "వాన్ని పైన కూచోబెట్టి నేను పోయొస్త" అంటోంది.

షబ్నమ్

*

హదా
జనవరి 10

షబ్నమ్ పాపకు,

ఈ ఉత్తరం మంచం మీద పడుకుని రాస్తున్నాను. కంగారు పడకు, ఒళ్ళు నొప్పులు తప్ప జబ్బేమీ లేదు.

నీ పేజీ ఉమ్ ఫహద్ గారికి చూపించాను. ఆమె మనవడి చేత అరబీలో చదివించుకుని, చాలాసేపు నవ్వింది. చిన్నప్పుడు వాళ్ళ నాన్నతో గాడిద మీద సరుకులు వేసుకుని ఆ బాటలోనే వచ్చిపోయేవాళ్ళట. "దిగేటప్పుడు ఆ మలుపులో నేను కళ్ళు మూసుకుని గాడిద తోక పట్టుకునేదాన్ని. ఎక్కేటప్పుడు మాత్రం పాటలు పాడేదాన్ని" అంది.

నేను పిండి కలుపుతున్నదాన్ని ఆగిపోయాను. "ఎక్కేటప్పుడు భయం లేదా?" అని అడిగాను.

"ఎక్కేటప్పుడు లోయ వీపు వెనక కదా! వీపుకు కళ్ళుంటాయా?" అంది.

రెండు రాత్రులు అదే ఆలోచన. మూడో రోజు ఆసిఫ్‌కు ఫోన్ చేశాను. శుక్రవారం ఎవరినో దింపడానికి వస్తున్నానన్నాడు. "నన్ను కింద దింపి, నాతో పైకి నడుస్తావా నాయనా?" అంటే, "నీళ్ళు ఎక్కువ తెచ్చుకో అత్తా" అన్నాడు. ఉమ్ ఫహద్ గారు సెలవిచ్చింది. ఇచ్చి ఊరుకోలేదు, తన ఊతకర్ర కూడా ఇచ్చింది.

తెల్లవారకముందే కింద నుంచి మొదలుపెట్టాం. ఎండ వచ్చేలోపు ఆ నీడలేని భాగం దాటేయాలని ఆసిఫ్ లెక్క. పాపా, ఊపిరి అందలేదు. ఇరవై మెట్లకోసారి నిలబడ్డాను. ఒకచోట ఆసిఫ్‌ను "నువ్వు పో నాయనా, నేను ఈడ్నే కాపురముంటా" అన్నాను. కానీ భయం మాత్రం రాలేదు. కళ్ళ ముందు ఎప్పుడూ ఒక రాయి, దాని పైన ఇంకో రాయి. చెయ్యి వేస్తే తగులుతుంది. అంతే.

"ఇంకా ఆ మలుపు ఎంత దూరం?" అని ఆసిఫ్‌ను అడిగాను.

"యా మలుపు? అది దాటి పది నిమిషాలయింది గదత్తా" అన్నాడు.

అక్కడే నిలబడి పెద్దగా నవ్వాను. కొండలో ఆ నవ్వు తిరిగి తిరిగి వినపడింది. పన్నెండేళ్ళు భయపడిన చోటు, దాటేటప్పుడు నేను గుర్తుపట్టను కూడా లేదు.

నాలుగు గంటల నలభై నిమిషాలు పట్టింది. ఈసారి నోటి లెక్క కాదు, ఆసిఫ్ ఫోన్లో ఉంది, చూసుకో. ఇంటికి పోయేసరికి ఉమ్ ఫహద్ గారు వాకిట్లో కుర్చీ వేసుకుని ఎదురుచూస్తోంది. లేచి నిలబడలేదు కానీ, రెండు చేతులూ చాపింది.

అందుకని పాపా, నీ పేజీలో ఇంకా ఒక తప్పుంది. కింది సగం కష్టం అని రాశావు, ఎటు నుంచి అనేది రాయలేదు. దిగేవాళ్ళకు మోకాళ్ళ కష్టం, ఎక్కేవాళ్ళకు ఊపిరి కష్టం. నాలాంటి వాళ్ళకు దిగితే ఎర్ర గుర్తు, ఎక్కితే మధ్యస్థమని పసుపు గుర్తు. దిద్దు. మీ సార్ అడిగితే ఈసారి నా పేరు తప్పకుండా చెప్పు.

ఎండాకాలంలో ఉమ్ ఫహద్ గారిని కూతురు తనుండే అబహాకు పిలుస్తోంది. నన్నూ తీసుకుపోతారు. అక్కడి కొండలు దీనికంటే ఎత్తట కదా? ఏ కొండకు ఎటు నుంచి ఎక్కాలో కనుక్కుని ఉంచు.

చిన్నమ్మ